సెర్చ్‌లో కనిపిస్తున్న మీ ఫొటోను తీయించడం ఎలా: ఆధారాలు, లింకులు, ఫారాలు, గడువులు

అనుమతి లేకుండా బయటికొచ్చిన ఫొటోను గూగుల్ నుంచి తీయించడానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, లాయరూ అక్కర్లేదు, డబ్బూ కట్టక్కర్లేదు. అయినా చాలా అర్జీలు తిరస్కరణతో వెనక్కి వస్తాయి. కారణాలు సాధారణంగా మూడే. ఫొటో రకానికి సరిపడని ఫారం నింపడం, ఫారంలో తప్పు లింకు పెట్టడం, ఆధారం దాచకముందే పోస్టు తీయించేయడం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మూడింటి గురించే.

ఒక్క విషయం ముందే తెలిసి ఉండాలి. సెర్చ్ నుంచి తొలగించడం, వెబ్‌సైట్ నుంచి తొలగించడం రెండు వేర్వేరు పనులు. గూగుల్ తన ఫలితాల్లోంచి తీసేసినా ఫొటో ఆ సైట్‌లో అలాగే ఉంటుంది, నేరుగా లింకు ఉన్నవాళ్లు చూడగలరు. సైట్ వాళ్లు తీసేసినా గూగుల్‌లో దాని చిన్న బొమ్మ కొన్నాళ్లు కనిపిస్తూనే ఉండొచ్చు. రెండు చోట్లా అర్జీ పెట్టాలి.

ఇప్పుడే ఎవరైనా బెదిరిస్తుంటే ముందు ఇవి చేయండి

- డబ్బు పంపకండి. ఒకసారి ఇస్తే ఇచ్చేవాళ్లని తెలిసిపోతుంది, అడగడం ఆగదు.
- చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయండి.
- 112కు ఫోన్ చేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పండి.
- సన్నిహిత చిత్రాలైతే 8వ దశలో చెప్పిన హ్యాష్ (చిత్రాన్ని గుర్తుపట్టే డిజిటల్ గుర్తు) పని ఈ రోజే చేయండి. ఫొటో ఇంకా బయటికి రాకపోయినా అది పనిచేస్తుంది.
- మనసు కుదుటపడక, ఊపిరాడనట్టు అనిపిస్తే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

## 1. ఫొటో ఏ కోవలోదో తేల్చుకోండి

ఎక్కడికి వెళ్లాలో, ఎంత త్వరగా పని జరుగుతుందో దీన్నిబట్టే ఉంటుంది.

అ. నగ్న, అర్ధనగ్న, సన్నిహిత చిత్రాలు. దొంగచాటుగా తీసినవైనా, మీరే నమ్మి పంపినవైనా ఒకటే. చట్టం బలంగా మీ పక్షాన ఉన్న కోవ ఇది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణ ప్రకారం, ఫొటో తీయడానికి మహిళ ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమే. "నువ్వే కదా పంపావు" అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

ఆ. మార్ఫింగ్, డీప్‌ఫేక్. ముఖం మీది, శరీరం మీది కాదు. "అది నాది కాదు కదా, ఏ హక్కుతో అడగాలి" అని వెనకాడకండి. గూగుల్ విధానంలోనూ, మన ఐటీ నిబంధనల్లోనూ ఇలాంటి నకిలీ చిత్రాల గురించి విడిగా రాసి ఉంది.

ఇ. 18 ఏళ్లలోపు పిల్లల చిత్రాలు. మామూలు ఫొటో అయినా గూగుల్‌లో పిల్లల కోసం ప్రత్యేక ఫారం ఉంది. పిల్లలు గానీ, తల్లిదండ్రులు లేదా సంరక్షకులు గానీ పెట్టొచ్చు. లైంగిక చిత్రమైతే దాని జాగ్రత్తలు పూర్తిగా వేరు. 2వ దశ చదవకుండా ఏమీ డౌన్‌లోడ్ చేయకండి.

ఈ. వివరాలు బయటపెట్టే చిత్రాలు. ఆధార్, పాస్‌పోర్టు, సంతకం, బ్యాంకు పత్రం, ఆసుపత్రి రిపోర్టు, ఫోన్ నంబరు లేదా ఇంటి చిరునామా కనిపించే ఫొటో.

ఉ. కేవలం ఇబ్బంది పెట్టే చిత్రాలు. కాలేజీ ఫెస్ట్‌లో తీసిన ఫొటో, రద్దయిన నిశ్చితార్థం ఆల్బమ్, పాత మ్యాట్రిమొనీ ప్రొఫైల్, కోచింగ్ సెంటర్ ర్యాంకుల పోస్టర్, ఊళ్లో గొడవ జరిగినప్పుడు యూట్యూబ్ చానల్ పెట్టిన థంబ్‌నెయిల్. వీటికి గూగుల్‌లో నేరుగా ఫారం లేదు. దీన్ని సన్నిహిత చిత్రం ఫారంలో పెడితే తిరస్కరిస్తారు. ఇక్కడ 4వ దశే ప్రధానం, సెర్చ్ పని ఆ తర్వాత.

## 2. తీయించే ముందు ఆధారం దాచండి

పోస్టు పోతే ఆధారమూ పోతుంది. పావుగంట ఆలస్యమైనా ఈ పని పూర్తిచేశాకే రిపోర్టు బటన్ నొక్కండి.

- కంప్యూటర్‌లో తెరిచి, పైన చిరునామా పట్టీ, కింద తేదీ సమయం రెండూ కనిపించేలా పూర్తి స్క్రీన్‌షాట్ తీయండి. కత్తిరించకండి, ముఖం మీద గీతలు గీయకండి. చెరిపిన కాపీ కావాలంటే విడిగా చేసుకోండి.
- పోస్టు పెట్టిన ఖాతా లింకు రాసుకోండి. కనిపించే పేరు చాలదు, అది ఎప్పుడైనా మార్చేస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ లింకు, టెలిగ్రామ్‌లో చానల్ లింకుతోపాటు ఆ సందేశానిదే లింకు, వాట్సాప్‌లో దేశం కోడ్‌తో సహా నంబరు.
- ఖాతా తెరవడం, పోస్టుకు వెళ్లడం, కామెంట్లు చూపడం ఒకే స్క్రీన్ రికార్డింగ్‌లో తీయండి.
- బెదిరింపు సందేశాలు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ, కాల్ లాగ్ దాచండి.
- ఇవి తీసిన ఫోన్‌ను ఫార్మాట్ చేయకండి, మార్చుకోకండి. ఎలక్ట్రానిక్ ఆధారం కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి. అసలు పరికరం చేతిలో ఉంటే ఆ పని తేలిక.

పిల్లల లైంగిక చిత్రమైతే: స్క్రీన్‌షాట్ తీయకండి, సేవ్ చేయకండి, "చూడండి" అని బంధువులకు గానీ ఉపాధ్యాయులకు గానీ పంపకండి. ఐటీ చట్టం 67బి కింద దాచుకోవడమూ నేరమే. ఇలాంటి చిత్రాలను ఫోన్‌లో ఉంచుకోవడం గురించి 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. లింకు, ఖాతా పేరు, సమయం కాగితం మీద రాసుకుని పోలీసులకు ఇవ్వండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పొచ్చు.

## 3. కాపీలన్నీ వెతికి, సరైన లింకులు తీయండి

ఓపిక కావాల్సిన దశ ఇదే. ఇక్కడ ఒక గంట పెడితే తర్వాత వారాలు మిగులుతాయి.

వెతకడం. ప్రైవేట్ విండో తెరవండి. గూగుల్ సెట్టింగ్స్‌లో సేఫ్‌సెర్చ్ ఆపేయండి. అది నడుస్తుంటే అశ్లీల చిత్రాలను దాచేస్తుంది లేదా మసకబారుస్తుంది, లేవని మీరు అనుకుంటారు. తర్వాత ఈ మాటలతో వెతకండి:

- మీ పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో. ఇంగ్లిష్‌లో మన పేర్లకు నాలుగైదు స్పెల్లింగులుంటాయి, అన్నీ ప్రయత్నించండి.
- ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, అక్షరంగా కుదించి ఒకసారి.
- పేరుతోపాటు ఊరు, కాలేజీ, కంపెనీ.
- పాత యూజర్‌నేమ్, ఫోన్ నంబరు, మెయిల్.

ఇమేజెస్, వీడియోస్ రెండు ట్యాబ్‌లూ చూడండి. ఆపైన గూగుల్ లెన్స్, బింగ్, యాండెక్స్, టిన్‌ఐలలో ఫొటోతో వెతకండి. సన్నిహిత చిత్రాన్ని మొత్తంగా ఎక్కడా ఎక్కించకండి, ముఖం వరకే కత్తిరించి వాడండి. డబ్బు తీసుకుని ముఖాలు వెతికిపెడతామనే ఊరూపేరూ లేని సైట్ల జోలికి పోకండి.

ప్రతి ఫొటోకూ రెండు లింకులు. ఒకటి పేజీ లింకు, అంటే ఫొటో ఉన్న వెబ్ పేజీ చిరునామా. రెండోది చిత్రం లింకు, అంటే ఆ ఫొటో ఫైలుది మాత్రమే. ఇలా తీయాలి:

1. గూగుల్ ఇమేజెస్‌లో ఫొటో మీద నొక్కండి. పక్కన పెద్దదిగా తెరుచుకుంటుంది.
2. దాని కింద ఉన్న శీర్షిక నొక్కితే అసలు పేజీ తెరుచుకుంటుంది. పైనున్న చిరునామా కాపీ చేయండి. ఇది పేజీ లింకు.
3. ఆ పేజీలో ఫొటో మీద కుడి క్లిక్ చేసి "కాపీ ఇమేజ్ అడ్రస్" నొక్కండి. ఫోన్‌లో అయితే వేలు నొక్కిపట్టి ఫొటోను కొత్త ట్యాబ్‌లో తెరిచి, ఆ ట్యాబ్ చిరునామా తీసుకోండి. ఇది చిత్రం లింకు.

ఎక్కువగా జరిగే తప్పు: గూగుల్ ఫలితాల్లోని చిన్న బొమ్మ చిరునామానే కాపీ చేసి పెట్టడం. అందులో "ఎన్‌క్రిప్టెడ్ టీబీఎన్", "జీస్టాటిక్" అన్న ముక్కలుంటాయి. అది గూగుల్ తయారుచేసుకున్న నకలు మాత్రమే. సాధారణంగా దానితో అర్జీ ముందుకు కదలదు. సెర్చ్ పేజీ చిరునామా ఒక్కటే పెట్టడమూ అంతే.

ఒకే పేజీకి మొబైల్ రూపం, డబుల్యూ డబుల్యూ డబుల్యూ ఉన్నది, లేనిది ఇలా రకరకాల చిరునామాలు ఉండొచ్చు. సెర్చ్‌లో ఏది కనిపిస్తే అది పెట్టండి, రెండు కనిపిస్తే రెండూ పెట్టండి.

ఒక షీట్ తెరిచి ఈ గడులు పెట్టుకోండి: వరుస సంఖ్య, పేజీ లింకు, చిత్రం లింకు, ఏ మాటతో వెతికితే వచ్చింది, ఎక్కడ ఫిర్యాదు చేశాను, తేదీ, రసీదు సంఖ్య, ఫలితం. తర్వాతి దశలన్నీ ఈ షీట్ మీదే నడుస్తాయి.

## 4. అసలు చోట తీయించండి

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్ వంటివి. పోస్టు మీద రిపోర్టు నొక్కడం మొదటి మెట్టు. అక్కడితో ఆగకండి. ప్రతి వేదికకూ భారత్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి, ఆ వివరాలు యాప్‌లో లేదా సైట్‌లో ఉంటాయి. ఐటీ నిబంధనలు 2021లో 3(2)(బి) నియమం చెప్పేది ఇదీ: రహస్య భాగాలు, నగ్నత్వం, లైంగిక చర్య చూపే చిత్రాలు, మార్ఫ్ చేసిన చిత్రాలతో సహా అది మీరేనన్నట్టు నమ్మించేవి, వీటిపై బాధితులు లేదా వాళ్ల తరఫున మరొకరు ఫిర్యాదు చేస్తే గడువులోగా తొలగించే చర్య తీసుకోవాలి. ఆ గడువు మొదట 24 గంటలు ఉండేది, 2026 ఫిబ్రవరి సవరణలు దాన్ని 2 గంటలకు తగ్గించాయి. "తరఫున మరొకరు" అన్నది గమనించండి. మీరు చేయలేని స్థితిలో ఉంటే అక్కో, అన్నో, స్నేహితురాలో పెట్టొచ్చు.

ఫిర్యాదులో ఉండాల్సినవి: లింకులు, చిత్రంలో ఉన్నది మీరేనన్న మాట, అనుమతి ఇవ్వలేదన్న మాట, 3(2)(బి) అన్న నియమం సంఖ్య, మీ మెయిల్. భావోద్వేగం, జరిగిన కథ అక్కడ అవసరం లేదు. చదివే వ్యక్తికి మూడు వాక్యాల్లో తేలిపోవాలి.

మామూలు వెబ్‌సైట్లు. సైట్‌లో సంప్రదింపు పేజీ ఉంటే అక్కడ రాయండి. లేకుంటే సైట్ పేర్ల నమోదు వివరాలు చూపే ఐకాన్ లుకప్‌లో డొమైన్ పేరు (సైట్ పేరు) కొట్టి, రిజిస్ట్రార్ (ఆ పేరు నమోదు చేసిన కంపెనీ) "అబ్యూజ్" మెయిల్ తీసుకుని, దానికీ సైట్ ఫైళ్లు ఉంచే హోస్టింగ్ కంపెనీకీ రాయండి. హోస్ట్ స్థానంలో క్లౌడ్‌ఫ్లేర్ (సైట్లకు ముందు నిలిచే మధ్యవర్తి సంస్థ) పేరు వస్తే, ఫొటో దాచింది ఆ సంస్థ కాకపోవచ్చు. వాళ్ల అబ్యూజ్ ఫారం ద్వారా ఫిర్యాదు అసలు హోస్ట్‌కు చేరుతుంది. మీ పేరు సైట్ యజమానికి పంపాలా వద్దా అన్న ఎంపికలు ఆ ఫారంలో ఉంటాయి, చదివి ఎంచుకోండి. వేధించేవాడే సైట్ యజమాని అయ్యే అవకాశం ఉంది.

తీసేయడానికి డబ్బు అడిగే సైట్లకు రూపాయి ఇవ్వకండి. అలా డబ్బు గుంజే సైట్ల పేజీలను తొలగించడానికి గూగుల్‌లో విడిగా ఒక ఫారమే ఉంది. డబ్బు అడిగిన మెయిల్ దానికి ఆధారం అవుతుంది.

"ఉ" కోవకు ఏది పనిచేస్తుంది. ముందుగా మర్యాదగా అడగడం. ఇలా రాయొచ్చు:

"నమస్కారం అండీ. మీ పేజీలో ఫలానా తేదీన పెట్టిన పోస్టులో నా ఫొటో ఉంది. వ్యక్తిగత కారణాల వల్ల అది బహిరంగంగా ఉండటం నాకు ఇబ్బందిగా ఉంది. దయచేసి తొలగించగలరు. లింకు ఇదీ. తీసేశాక ఒక్క మాట చెబితే మేలు."

మొదటి సందేశంలోనే లాయర్ నోటీసు ప్రస్తావన తేకండి. ఆల్బమ్ పెట్టిన ఫొటోగ్రాఫరూ, కోచింగ్ సెంటరూ చాలాసార్లు అడిగితే తీసేస్తారు. బెదిరిస్తే మొండికేస్తారు.

అడిగినా తీయకపోతే కాపీరైట్ చూడండి. సెల్ఫీ అయితే తీసింది మీరే కాబట్టి హక్కు మీదే. కాపీరైట్ చట్టం 1957, 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చినవాళ్లే యజమానులు. పెళ్లి ఫొటోలకు, ప్రీ వెడ్డింగ్ షూట్‌కు ఇది అక్కరకొస్తుంది. అయితే స్టూడియోతో రాసుకున్న కాగితంలో "ప్రచారానికి వాడుకుంటాం" అన్న వాక్యం ఉందేమో ముందు చూసుకోండి. స్నేహితుడు తీసిన ఫొటో హక్కు స్నేహితుడిది, నోటీసు తను పెట్టాలి.

కాపీరైట్ దారిలో రెండు ముళ్లున్నాయి. గూగుల్‌కు వచ్చే కాపీరైట్ నోటీసుల కాపీలు లూమెన్ అనే బహిరంగ భాండాగారానికి వెళ్తాయి. నోటీసులోని వివరాలు అవతలివాళ్లకూ చేరొచ్చు. అందుకే సన్నిహిత చిత్రాలకు కాపీరైట్ ఫారం వాడకండి, దాని ప్రత్యేక ఫారమే వాడండి.

మీ సొంత ఖాతాలోంచే వస్తున్నవైతే: ఫేస్‌బుక్ గోప్యత సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్లు మీ ప్రొఫైల్‌కు లింకు ఇవ్వడాన్ని ఆపేయండి. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాల్లో బహిరంగ ఫొటోలు 2025 జూలై నుంచి సెర్చ్‌లో కనిపించే వీలుంది, ఆ సెట్టింగ్ కూడా ఆపండి. వేరేవాళ్ల పోస్టులో ట్యాగ్ తీసేసుకుంటే మీ పేరే పోతుంది, ఫొటో అక్కడే ఉంటుంది.

## 5. గూగుల్‌కు అర్జీ

అ, ఆ, ఇ, ఈ కోవలకు సైట్ జవాబు కోసం ఆగకండి. 4, 5, 6 దశలు ఒకే రోజు నడపండి.

ఫలితం పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కితే తొలగింపు ఎంపిక కనిపిస్తుంది. లేకపోతే గూగుల్ సహాయ పేజీల్లో వ్యక్తిగత సమాచారం తొలగింపు ఫారం తెరవండి. అందులో మొదటి ప్రశ్నలోనే మీ కోవ ఎంచుకోవాలి. ఇక్కడ తప్పితే మిగతాదంతా వృథా.

నింపేటప్పుడు:

- పేరు, దేశం: సెర్చ్‌లో ఏ పేరుతో ఫొటో వస్తోందో అది రాయండి. గుర్తింపు కార్డులోని పేరు వేరైతే రెండూ చెప్పండి.
- ఎవరి తరఫున: వేరొకరి కోసం పెడుతుంటే మీరు ఏ అధికారంతో పెడుతున్నారో ఒక వాక్యంలో చెప్పండి.
- పేజీ, చిత్రం లింకులు: ఒక్కో వరుసలో ఒక్కటి. మధ్యలో కామాలు, వివరణలు వద్దు.
- సెర్చ్ లింకు: ఫలితం కనిపిస్తున్న గూగుల్ పేజీ చిరునామా.
- వెతికిన మాటలు: షీట్‌లోంచి అలాగే తెచ్చి పెట్టండి.
- స్క్రీన్‌షాట్: ఏ ఫొటో మీదో తెలిసేలా గుర్తు పెట్టండి. శరీర భాగాలు కప్పేసి పంపొచ్చు. పిల్లల లైంగిక చిత్రాలు ఎట్టి పరిస్థితిలోనూ జతచేయకండి.

సన్నిహిత చిత్రాల విషయంలో గూగుల్ చూసేవి: చిత్రంలో మిమ్మల్ని గుర్తుపట్టగలరా, మీ అనుమతి లేకుండా తీశారా లేక పంచారా, ప్రస్తుతం మీరు దాన్ని అమ్ముతూ డబ్బు తీసుకుంటున్నారా. ముఖం కనిపించకపోతే పుట్టుమచ్చ, పచ్చబొట్టు, గది, పక్కన రాసిన పేరు వంటి గుర్తు చెప్పండి.

పంపగానే రసీదు మెయిల్ వస్తుంది. అదనపు వివరాలు అడిగితే కొత్త అర్జీ పెట్టకుండా అదే మెయిల్‌కు జవాబివ్వండి. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి.

జవాబు మూడు రకాలుగా రావొచ్చు. అన్ని వెతుకులాటల నుంచీ తీసేయడం, మీ పేరుతో వెతికినప్పుడు మాత్రమే రాకుండా చేయడం, తిరస్కరించడం. రెండోది చూసి నిరాశపడకండి. మిమ్మల్ని వెతికేవాళ్లు సాధారణంగా మీ పేరుతోనే వెతుకుతారు.

తిరస్కరణకు మందు:

- "లింకు చెల్లదు": 3వ దశకు వెళ్లి చిత్రం లింకు మళ్లీ తీయండి.
- "గుర్తించలేకపోయాం": గుర్తు పెట్టిన స్క్రీన్‌షాట్, గుర్తింపు వివరణ జతచేయండి.
- "విధానం వర్తించదు": కోవ మార్చి చూడండి. మార్ఫింగ్‌ను మామూలు సన్నిహిత చిత్రంగా పెట్టి ఉండొచ్చు.
- "ప్రజా ప్రయోజనం": వార్త ఫొటోలకు ఇది వస్తుంది. ఇక వార్తా సంస్థనే అడగాలి, లేదా 10వ దశ.

## 6. బింగ్, మిగతావి

మైక్రోసాఫ్ట్‌కు సన్నిహిత చిత్రాల కోసం ప్రత్యేక ఫారం ఉంది, ఇతర ఇబ్బందులకు "రిపోర్ట్ ఎ కన్సర్న్" ఫారం. డక్‌డక్‌గో, యాహూ ఫలితాలు చాలావరకు బింగ్ నుంచే వస్తాయి కాబట్టి అక్కడ తీస్తే వీటిలోనూ సాధారణంగా పోతుంది. యాండెక్స్‌కు విడిగా రాయాలి. పాత పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా లింకు కొట్టి చూడండి, ఉంటే వాళ్లకు మెయిల్ రాసి తీయమనండి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు.

## 7. సైట్‌లో పోయినా సెర్చ్‌లో కనిపిస్తుంటే

దీనికి గూగుల్‌లో "రిఫ్రెష్ అవుట్‌డేటెడ్ కంటెంట్" అనే సాధనం ఉంది. ఎవరైనా వాడొచ్చు. పేజీకి ఒక ట్యాబ్, చిత్రానికి ఒక ట్యాబ్. ఫొటో అసలు చోట నిజంగా పోయిందని ప్రైవేట్ విండోలో చూసుకున్నాకే పెట్టండి. ఇంకా ఉంటే తిరస్కరిస్తుంది. పేజీ పోయినా చిత్రం ఫైలు సర్వర్‌లో మిగిలిపోవడం తరచూ జరుగుతుంది, అందుకే రెండు లింకులూ విడివిడిగా తెరిచి చూడాలి. బింగ్‌లోనూ ఇలాంటి సాధనమే ఉంది.

మీ సొంత బ్లాగు అయితే సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ సాధనంలోని "రిమూవల్స్"తో వెంటనే దాచొచ్చు. అది సుమారు 6 నెలలే. ఆలోగా ఫైలు పూర్తిగా తీసేయండి. పేజీకి "నోఇండెక్స్" (సెర్చ్‌లో చూపొద్దన్న సూచన) పెట్టి, మళ్లీ "రోబోట్స్" ఫైలులో (సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రావొచ్చో చెప్పే ఫైలు) ఆ పేజీని మూసేయకండి. గూగుల్ లోపలికే రాలేకపోతే నోఇండెక్స్ అన్న సూచనను చూడలేదు.

## 8. మళ్లీ ఎక్కకుండా హ్యాష్

స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ 18 ఏళ్లు నిండినవాళ్ల సన్నిహిత చిత్రాల కోసం. మీ ఫోన్‌లోనే చిత్రానికి హ్యాష్ అనే డిజిటల్ గుర్తును తయారుచేస్తుంది. చిత్రం ఫోన్ దాటి వెళ్లదు, ఆ గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, రెడిట్, స్నాప్, బింగ్ వంటి భాగస్వాములకు చేరుతుంది. చిత్రం తీసేటప్పటికి 18 నిండకపోతే, ఇప్పుడు పెద్దవాళ్లయినా, అమెరికా సంస్థ నడిపే టేక్ ఇట్ డౌన్ వాడాలి.

- కేసు సంఖ్య, పిన్ రెండూ రాసి పెట్టుకోండి. పోతే స్థితి చూడలేరు.
- కత్తిరించినవి, అక్షరాలు రాసినవి, వీడియో వేరు వేరు రూపాలు అన్నింటికీ విడిగా హ్యాష్ చేయండి. మార్చిన కాపీని పాత గుర్తు పట్టుకోకపోవచ్చు.
- వాట్సాప్ ప్రైవేట్ చాట్‌లలో తిరిగేవాటిని ఇది ఆపలేదు. దానికి పోలీసు దారే.

## 9. పోలీసు ఫిర్యాదు

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ "సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్"లో మహిళలు, పిల్లల నేరాల విభాగం ఉంది. పేరు చెప్పకుండా పెట్టొచ్చు, కానీ అలా పెడితే తర్వాత స్థితి తెలుసుకోలేరు. చర్య కావాలంటే పేరుతో పెట్టి రసీదు సంఖ్య తీసుకోండి.

నేరుగా స్టేషన్‌కు వెళ్తే "ఇది మా పరిధి కాదు" అనే వీలు లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. 77వ సెక్షన్ వంటి నేరాల్లో మహిళ ఫిర్యాదును మహిళా అధికారి నమోదు చేయాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, ఆపైన మేజిస్ట్రేట్. తెలంగాణలో షీ టీమ్స్, రెండు రాష్ట్రాల్లోనూ సఖి కేంద్రాలు, 181 హెల్ప్‌లైన్ తోడు ఉంటాయి.

ఫిర్యాదు ఇంత చాలు:

"ఫలానా తేదీ, ఫలానా సమయానికి, కింది లింకుల్లో నా వ్యక్తిగత చిత్రాలు నా అనుమతి లేకుండా పెట్టినట్టు గుర్తించాను. పెట్టిన ఖాతా లింకు ఇదీ. ఫలానా నంబరు నుంచి ఇలా బెదిరించారు. స్క్రీన్‌షాట్లు, రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో జతచేశాను. చిత్రాలను తొలగించేలా, ఖాతా వివరాలను భద్రపరిచేలా సంబంధిత సంస్థలకు రాసి, బాధ్యులపై చర్య తీసుకోవాలని కోరుతున్నాను."

ఖాతా వివరాలను భద్రపరచమని అడగడం మర్చిపోకండి. ఆలస్యమైతే ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి పెట్టారో చూపే ఐపీ రికార్డులు దొరకవు.

వర్తించే సెక్షన్లు: ఐటీ చట్టం 66ఇ (3 ఏళ్ల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ), 67 (మొదటిసారి 3 ఏళ్ల వరకు, 5 లక్షల వరకు), 67ఎ (మొదటిసారి 5 ఏళ్ల వరకు, 10 లక్షల వరకు), డబ్బు గుంజితే న్యాయ సంహిత 308. 77వ సెక్షన్ మహిళల కోసమే. 66ఇ పురుషులకూ వర్తిస్తుంది. బాధితులు పురుషులైతే ఇది తప్పక చెప్పండి.

## 10. ఎవరూ పలకకపోతే

గ్రీవెన్స్ ఆఫీసర్ తిరస్కరిస్తే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లండి. ఆఫీసర్ జవాబు కాపీ కావాలి, అందుకే మెయిల్ దారే మేలు.

ఆపైన హైకోర్టు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పిన తీర్పే పునాది. పిటిషన్‌లో మీ పేరు దాచమని, సెర్చ్ నుంచి తొలగించమని, మళ్లీ ఎక్కే కాపీలకూ ఉత్తర్వు వర్తించేలా చేయమని కోరండి. 2021 ఏప్రిల్‌లో, 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి కేసుల్లో సెర్చ్ ఇంజిన్ల బాధ్యతపై వివరంగా ఆదేశాలిచ్చింది, లాయర్‌కు గుర్తుచేయండి. పెట్టింది ఎవరో తెలియకపోయినా "అశోక్ కుమార్" పేరిట గుర్తుతెలియని వ్యక్తులపై ఉత్తర్వు అడగొచ్చు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో తొలగింపు హక్కు ఉంది గానీ, 2025 నవంబరులో వచ్చిన నియమాల ప్రకారం ఆ భాగం 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తుంది. మీరే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు. ఐర్లండ్, జర్మనీ వంటి ఐరోపా దేశాల్లో ఉంటే "ఉ" కోవకూ దారి ఉంది. 2014 మే 13 నాటి ఐరోపా న్యాయస్థానం తీర్పు తర్వాత, మీ పేరుతో వెతికితే వచ్చే పాత, అసందర్భ ఫలితాలను తీయమని గూగుల్‌లో ప్రత్యేక ఫారం పెట్టొచ్చు. ఫలితం ఐరోపాలో వెతికేవాళ్లకే వర్తిస్తుంది, హైదరాబాద్‌లో వెతికితే కనిపించవచ్చు. అమెరికాలో 2025 మే 19న సంతకమైన చట్టం ప్రకారం సన్నిహిత చిత్రాలను వేదికలు 48 గంటల్లో తీయాలి.

## 11. తీసేశాక గమనించడం

- మొదటి వారం రోజూ, తర్వాత రెండు నెలలు వారానికోసారి, ఆపైన నెలకోసారి 3వ దశలోని మాటలతో వెతకండి. ప్రైవేట్ విండో, సేఫ్‌సెర్చ్ ఆపి ఉండాలి.
- మీ పేరు అన్ని స్పెల్లింగులకూ గూగుల్ అలర్ట్ పెట్టుకోండి.
- ఈ పని మీరే రోజూ చేస్తే మనసు నలిగిపోతుంది. షీట్ నమ్మకస్తులైన ఒకరికి అప్పజెప్పండి.
- కొత్త లింకు దొరికితే పాత రసీదు సంఖ్య రాస్తూ కొత్త అర్జీ పెట్టండి. దర్యాప్తు అధికారికి అదే రోజు పంపండి.